నీళ్లు తాగినా ఒళ్లొస్తోందా?

(రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద ఉదయం నడిచేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నడక ముగించుకుని, చెమట కూడా ఆరకుండా వచ్చి కూర్చున్నారు. టిఫిన్లు ఇంకా కాలేదు. ఆకలి మీదున్నవాళ్లకి తిండి గురించి చెప్పడం సాహసమేనని తెలుసు, అయినా ఒప్పుకున్నాను.

ముందే ఒక మాట. నేను మందులు రాసే డాక్టర్ని కాదు. మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజియాలజీ, అంటే ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం చెప్పి రిటైరైనదాన్ని. మీలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటారు. నా మాట విని రేపట్నుంచి అన్నం సగం చేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మీ డాక్టర్ని అడిగాకే ఏదైనా.

నేను ఫిజియాలజీ టీచర్నని తెలియగానే పెళ్లిళ్లలో, రైల్లో, ఆఖరికి గుళ్లో క్యూలో కూడా నన్ను పట్టుకుని చెప్పే మాట ఒకటుంది. "మేడమ్, నాది స్లో మెటబాలిజం. నీళ్లు తాగినా ఒళ్లొచ్చేస్తుంది." మా వదిన ఇరవై ఏళ్లుగా ఇదే అంటోంది. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు. మరి ఆ మాటలో నిజం ఎంత?

మెటబాలిజం అంటే తిండి నుంచి వచ్చిన శక్తిని ఒళ్లు ఖర్చు పెట్టే తీరు. మనం కదలకుండా పడుకున్నా ఒంటికి ఆ ఖర్చు ఆగదు. గుండె కొట్టుకోవాలి, మూత్రపిండాలు వడకట్టాలి, మెదడు ఆలోచించకపోయినా పనిచేస్తూనే ఉండాలి. మెదడు, కాలేయం, గుండె, మూత్రపిండాలు కలిపి మన బరువులో ఇరవయ్యో వంతు చిల్లర. విశ్రాంతిగా ఉన్నప్పుడు అయ్యే ఖర్చులో సగం పైన అవే తినేస్తాయి. కండ కిలోకి రోజుకి ఓ పదమూడు కేలరీలు, కొవ్వు కిలోకి నాలుగున్నర. అందుకే జిమ్ములో రెండు కిలోల కండ పెంచితే "మెటబాలిజం మండిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు పదమూళ్లు ఇరవై ఆరు. ఒక చిన్న బిస్కెట్టు. కండ ఎందుకు కావాలో తర్వాత చెప్తాను, కారణం వేరు.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క వేద్దాం. భార్యకి నలభై అయిదేళ్లు, అయిదడుగుల లోపు, అంటే 150 సెంటీమీటర్లు, 70 కిలోలు. భర్తకి యాభై, 172 సెంటీమీటర్లు, 78 కిలోలు. ఆసుపత్రుల్లో వాడే మామూలు సూత్రం పెడితే విశ్రాంతి ఖర్చు ఆవిడకి 1250 కేలరీలు, ఆయనకి 1600. కూర్చునే జీవితమే అనుకుని పైఖర్చులు కలిపితే ఆవిడకి 1600 పైచిలుకు, ఆయనకి 2100 దాకా. రోజుకి సుమారు 450 తేడా. ఇద్దరూ ఒకే వంట తింటారు, ఆయన కంచంలో నాలుగు గరిటెలు పడితే ఆవిడ కంచంలోనూ నాలుగే. ఆయన నిలకడగా ఉంటాడు, ఆవిడ ఏడాదికేడాది బరువెక్కుతూ పోతుంది. "నాది స్లో" అనుకుంటుంది. స్లో కాదమ్మా. ఆవిడ ఒళ్లు చిన్నది, దాని ఖర్చూ చిన్నది. చిన్న స్కూటర్‌కి లారీ పెట్రోలు పోస్తున్నాం, అంతే.

"వయసు మీదపడింది కదండీ, నలభై దాటాక మెటబాలిజం పడిపోతుంది" అనేది రెండో మాట. ముప్పై ఏళ్లు నేనూ పాఠంలో అలాగే చెప్పాను, ఒప్పుకుంటున్నాను. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసికందు నుంచి తొంభై అయిదేళ్ల ముసలివాళ్ల దాకా, ఆరువేల నాలుగొందల పైచిలుకు మంది రోజువారీ ఖర్చును కొలిచారు. ప్రత్యేకమైన నీళ్లు తాగించి, మూత్రం పరీక్షించి కొలిచే పద్ధతి అది, చాలా నమ్మకమైనది. ఒళ్లూ కండా ఎంతున్నాయో సరిచూశాక, ఇరవై నుంచి అరవై దాకా ఖర్చు ఇంచుమించు తిన్నగా ఉంది. ఆడవాళ్లకి నెలసరి ఆగిన వయసులో కూడా ప్రత్యేకంగా పడిపోలేదు. అరవై దాటాక ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువ చొప్పున తగ్గుతుంది. ఆ రోజు ఆ పేపరు చదివి, నా పాత నోట్సు తీసి ఆ పేజీ కొట్టేశాను.

మరి నలభైల్లో పొట్ట ఎందుకొస్తోంది? కండ తగ్గి ఆ చోట కొవ్వు చేరుతోంది, కదలిక తగ్గింది, చేతిలో డబ్బు పెరిగింది. మూడోది ఎవరూ చెప్పరు.

థైరాయిడ్ సంగతి. చలి ఓర్చుకోలేకపోవడం, మలబద్ధకం, జుట్టు ఊడటం, ఎప్పుడూ నీరసం ఉంటే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష తప్పకుండా చేయించుకోండి. థైరాయిడ్ తగ్గితే ఖర్చు నిజంగానే తగ్గుతుంది. కానీ దానివల్ల పెరిగే బరువు చాలామందిలో రెండు నుంచి అయిదు కిలోలు, అందులోనూ ఎక్కువభాగం ఉప్పూ నీరూ. ఇరవై కిలోలు పెరిగి మొత్తం నింద థైరాయిడ్ మీద వేస్తే పాపం అది మోయలేదు.

ఇక మా వదిన దగ్గరికి వద్దాం. "నేను తినేది ఎంతమ్మా, పిట్టంత" అంటుంది. 1992లో అమెరికాలో సరిగ్గా ఇలాంటివాళ్లనే పిలిచి పరీక్షించారు. రోజుకి 1200 కేలరీలే తింటున్నాం, అయినా తగ్గటం లేదన్నవాళ్లు. వాళ్ల మెటబాలిజం మామూలుగానే ఉంది. తిన్నది మాత్రం చెప్పినదాని కన్నా చాలా ఎక్కువ. అసలు తిన్నదాంట్లో దాదాపు సగం లెక్కలోకే రాలేదు. చేసిన శ్రమని మాత్రం సగానికి సగం ఎక్కువ చేసి చెప్పారు. వాళ్లెవరూ మోసగాళ్లు కాదు. మనిషి జ్ఞాపకం అంతే.

నేను నమ్మలేదు. నా మీదే చేసి చూద్దామని వారం రోజులు నోట్‌బుక్కు చేతిలో పట్టుకుని తిరిగాను. కంచంలో తిన్నది బాగానే రాశాను. రాయనివి ఏవో నాలుగోరోజు తెలిశాయి. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదోనని చేతిలో వేసుకున్న గరిటెడు. మనవడు వదిలేసిన సగం దోశ, పారెయ్యడం ఎందుకని. మధ్యాహ్నం గిన్నె అడుగున మిగిలిన కూర, ఫ్రిజ్‌లో పెట్టేంత లేదని. పక్కింటివాళ్లు పంపిన పూతరేకు, సగమే. ఇవన్నీ కలిపితే రోజుకి మూడొందల దాకా వచ్చాయి. ఇళ్లల్లో ఆడవాళ్ల పొట్టలు చెత్తబుట్టలైపోయాయని నేను కోపంగానే అంటున్నాను. పారేస్తే పాపం అని నేర్పారు మనకి. ఆ మిగులు ఎవరో ఒకరి ఒంట్లోకే చేరాలని ఎక్కడుంది? తక్కువ వండండి.

నూనె లెక్క ఇంకా తేలిక. రాయక్కర్లేదు, నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టండి. నలుగురున్న ఇంట్లో నెలకి ఆరు లీటర్లు అయ్యాయనుకోండి. మనిషికి రోజుకి 46 గ్రాములు, అంటే నాలుగొందల పైచిలుకు కేలరీలు. మూడున్నర లీటర్లకి దింపితే మనిషికి రోజుకి నూట డెబ్బై మిగిలినట్టే. కంచంలో అన్నం తగ్గలేదు, కూర తగ్గలేదు. వేపుడు ఇగురుగా మారింది.

అన్నం మానేసి చపాతీ తినేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. వంద గ్రాముల బియ్యంలో మూడొందల యాభై కేలరీలు, గోధుమపిండిలో మూడొందల నలభై. కొర్రలూ ఆ దగ్గరే. చపాతీ వల్ల తగ్గినవాళ్లు రెండిటితో ఆపబట్టి తగ్గారు. చేసేవాళ్లకి విసుగొచ్చి రెండుతో ఆపేస్తారు, అదే దాని రహస్యం. అన్నమైతే గిన్నె ఎదురుగా ఉంటుంది. మీకు అన్నమే ఇష్టమైతే అన్నమే తినండి, ఒక్కసారే వడ్డించుకుని గిన్నె వంటింట్లో పెట్టిరండి.

మన తిండిలో అసలు లోటు మాంసకృత్తులది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ ఇడ్లీ. పప్పు తింటున్నాం కదా అంటారు. పప్పుచారులో పప్పు ఎక్కడుందో గరిటెతో వెతకాలి. కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. బరువు తగ్గేటప్పుడు ఒక గ్రాము, ఆ పైన ఉంటే ఇంకా మంచిది. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి. ముద్దపప్పు ఒక కప్పు, రెండు గుడ్లు, రెండు కప్పుల పెరుగు, గుప్పెడు ఉడికించిన శనగలు. తినేవాళ్లకి గోదావరి చేప ఉండనే ఉంది. (పులస కాదు లెండి. దాని ధరకి జేబు సన్నబడుతుంది.) మాంసకృత్తులు తింటే అందులో పావువంతు దాకా అరిగించుకోవడానికే ఖర్చవుతుంది, పిండిపదార్థాలకి పదో వంతు మించదు. అంతకన్నా ముఖ్యం, పదకొండు గంటలకి ఆకలి వేయదు.

ఇప్పుడు నడక. మీకు కోపం రావచ్చు. డెబ్బై కిలోల మనిషి గంట నడిస్తే, ఊరికే కూర్చున్నదాని కన్నా అదనంగా అయ్యే ఖర్చు రెండొందల లోపే. గట్టు దిగగానే బండి దగ్గర రెండు పూరీలు, కూర, ఆపైన టీ. నాలుగొందలకి తక్కువుండదు. నడక మానమని కాదు. షుగర్‌కి, బీపీకి, నిద్రకి, మనసుకి నడకంత చవకైన మందు లేదు. కానీ నడిచాం కాబట్టి తినొచ్చు అనుకోవడంతో వస్తోంది చిక్కంతా.

గంట నడకకన్నా మిగతా పదిహేను గంటలు ఏం చేస్తున్నామన్నది పెద్ద లెక్క. 1999లో అమెరికాలో పదహారు మందికి ఎనిమిది వారాలపాటు రోజుకి వెయ్యి కేలరీలు అదనంగా పెట్టారు. కొందరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు, కొందరికి నాలుగు కిలోలు చేరింది. తేడా మెటబాలిజంలో మంత్రమేమీ కాదు. చేరనివాళ్లు తమకి తెలియకుండానే ఎక్కువ కదిలారు. లేచారు, తిరిగారు, కుదురుగా కూర్చోలేదు. మా అమ్మ రోట్లో రుబ్బేది, నూతిలో నీళ్లు తోడేది, రోజుకి పాతికసార్లు పీట మీంచి లేచేది. ఆ చాకిరీ మళ్లీ రావాలని నేను కోరను. కానీ మిక్సీ, మోటారు, డైనింగ్ టేబులు, వాషింగ్ మెషిన్ కలిసి మన ఒంట్లోంచి ఎంత పని తీసుకుపోయాయో, ఆ మేరకి మన కంచం తగ్గలేదు. ఫోను మాట్లాడేటప్పుడు నిలబడండి. రెండో అంతస్తుకి లిఫ్టు వద్దు. పుష్కర ఘాట్ దగ్గర మెట్లు ఉన్నాయి, ఎవరూ టికెట్టు అడగరు.

అయితే మెటబాలిజం నిజంగా నెమ్మదించే సందర్భం ఒకటుంది. దాన్ని మనమే తెచ్చుకుంటాం. 1944, 45లలో మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలలు అరకడుపు ఉంచాడు. బరువులో నాలుగో వంతు పోయింది. విశ్రాంతి ఖర్చు దాదాపు నలభై శాతం పడిపోయింది. మూడుపూటలా తిండి గురించే కలవరించారు. అమెరికాలోనే ఓ టీవీ పోటీలో పాల్గొని సగటున 58 కిలోలు తగ్గిన పద్నాలుగు మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, ఉండాల్సినదాని కన్నా రోజుకి 500 కేలరీలు తక్కువ ఖర్చవుతోంది. తగ్గిన దాంట్లో సగం పైన తిరిగొచ్చేసింది కూడా. ఇక్కడో విచిత్రం. బరువు నిలబెట్టుకున్నవాళ్లలోనే ఆ ఖర్చు ఎక్కువగా పడిపోయింది. అయినా నిలబెట్టుకున్నారు. ఎలా అంటే, వాళ్లు మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ కదులుతున్నారు. తగ్గించడానికి తిండి, తగ్గింది నిలవడానికి కదలిక.

నెలకి పది కిలోలు తగ్గిస్తామనే సూపుల డైట్లు మన జిల్లాల్లో ఎంత ఊపు ఊపాయో మీకు తెలుసు. మొదటి వారం మూడు కిలోలు పోతాయి, నిజమే. అందులో చాలావరకు నీరు. ఒంట్లో దాచిన పిండిపదార్థం ప్రతి గ్రాముకీ మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖాళీ అయితే నీరూ పోతుంది. పెళ్లి భోజనం ఒక్కటి చేసిరండి, తిరిగొచ్చేస్తుంది. 2025లో మన దేశానికి మౌంజారో, వెగోవి అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. బాగా పనిచేస్తున్నాయి, అవసరమున్నవాళ్లు డాక్టరు చెప్తే వాడటంలో సిగ్గుపడాల్సింది లేదు. అవి ప్రధానంగా ఆకలిని తగ్గించి పనిచేస్తాయి, ఖర్చుని పెంచి కాదు. మా వదిన ఆ సంగతి విని రెండురోజులు మాట్లాడలేదు.

నెలకి ఒకటిన్నర, రెండు కిలోలు చాలు. 70 నుంచి 60కి దిగిన ఆవిడకి విశ్రాంతి ఖర్చు ఇంకో వంద తగ్గుతుంది, కాబట్టి ఏడాది తర్వాత పాత కంచానికి తిరిగి వెళ్లడం కుదరదు. ఇది ముందే చెప్పకపోవడం మోసం. బరువు కన్నా టేపు నమ్మండి. మన దేశపు మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. తెల్లవాళ్లంత బరువున్నా మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ.

ఆ కండ సంగతి తర్వాత చెప్తానన్నాను కదా. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. వారానికి రెండు మూడుసార్లు బరువు మోసే పని చెప్తేనే ఒళ్లు దాన్ని అట్టేపెట్టుకుంటుంది. డంబెల్సే అక్కర్లేదు. గోడకి చేతులానించి తోయడం, లీటరు నీళ్ల సీసాలు ఎత్తడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఈ ఆఖరిదానికి ఒక పరీక్ష ఉంది. చేతులు గుండెల మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో చూడాలి. అరవై, అరవై నాలుగేళ్ల మధ్య ఆడవాళ్లు పన్నెండుకి తగ్గకూడదు, మగవాళ్లు పద్నాలుగుకి తగ్గకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుని లెక్కపెట్టండి. మిగతావాళ్లు కుర్చీ అంచుకి జరగండి, పాదాలు నేలకి ఆనించండి. వాచీ నేను చూస్తాను. మొదలుపెట్టండి.