ఉలిపికట్టె కారు

రేడియో శ్రోతలకు నమస్కారం.

ఉద్యోగం మీద పరాయి దేశం వెళ్లినవాళ్లకి ఇల్లు కుదరగానే పట్టుకునే బెంగ బండి గురించి. ఏ కారు కొనాలి? కొత్తదా, పాతదా? పెద్దదా, చిన్నదా? నేను కొన్నేళ్లు అలా బయట ఉండి వచ్చినవాణ్ణి కనక నన్నూ అడుగుతుంటారు. నేను కారు పేరు చెప్పను. సమోవా కథ చెప్తాను. ఇవాళ మీకూ అదే చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

సమోవా అంటే పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న చిన్న దీవుల దేశం. ఒకప్పుడు జర్మన్ల ఏలుబడిలో ఉండేది. ఆ రోజుల్నుంచి అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపున నడిచేవి. తర్వాత జర్మన్లు పోయారు, న్యూజిలాండ్ వాళ్లు వచ్చారు, 1962లో స్వాతంత్ర్యమూ వచ్చింది. పాలకులు మారారు గానీ బండ్లు మాత్రం కుడివైపునే నడిచాయి. కుడివైపు నడవాలంటే స్టీరింగు ఎడమ పక్కన ఉండాలి కదా, అమెరికా కార్లలో ఉన్నట్టు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సమోవా నుంచి బతుకుతెరువుకి వెళ్లిన జనం ఎక్కువగా ఉండేది న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో. ఆ రెండు దేశాల్లోనూ బండ్లు ఎడమవైపున పోతాయి, స్టీరింగు కుడి పక్కన ఉంటుంది. అక్కడ పాత కార్లు చవగ్గా దొరుకుతాయి. ఇంటి దగ్గర అన్నకో, మేనల్లుడికో ఒకటి కొని ఓడెక్కిద్దామంటే స్టీరింగు తప్పు పక్కన ఉందాయె!

అప్పుడు ప్రధానమంత్రి తుయిలెపా ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. కార్లు మార్చుకోండని జనానికి చెప్పలేదు. రోడ్డునే మార్చేసింది.

2009 సెప్టెంబరు 7, సోమవారం. తెల్లవారుజామున 5 గంటల 50 నిమిషాలకి రేడియోలో ప్రకటన వచ్చింది: ఎక్కడి బండి అక్కడ ఆపండి. వినండి, రేడియోలోనే! ఈ మాట చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వంగా ఉంటుంది. దేశంలో బండ్లన్నీ ఆగాయి. పది నిమిషాలు గడిచాయి. సరిగ్గా 6 గంటలకి రేడియోలోనే రెండో ప్రకటన: ఇక ఎడమవైపుకి రండి. వచ్చారు. ఆ రోజూ మర్నాడూ సెలవు ఇచ్చారు, రోడ్ల మీద రద్దీ లేకుండా. మూడు రోజులు మద్యం అమ్మకాలు ఆపేశారు. పోలీసులు కూడళ్లలో నిలబడి, నెమ్మదిగా పోండి, నెమ్మదిగా పోండి అని చెప్తూనే ఉన్నారు.

అందరికీ నచ్చిందా అంటే లేదు. ఊరేగింపులు జరిగాయి, కోర్టు దాకా వెళ్లారు. నాకు అందరికంటే జాలేసేది బస్సుల వాళ్ల మీద. నిన్నటిదాకా ఫుట్‌పాత్ వైపు తెరుచుకున్న తలుపు, తెల్లారేసరికి రోడ్డు మధ్యకి తెరుచుకుంటోంది. బస్సుకి రెండో పక్క కోసి కొత్త తలుపు పెట్టించుకోవాలి. ఎడమ స్టీరింగు కార్లున్నవాళ్ల గగ్గోలు వేరు: ఇక మా కారు ఎవరు కొంటారు?

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇంత కథ చెప్పాను. ఇక మా కారు ఎవరు కొంటారు?

పరాయి దేశంలో ఉండేవాడు బండి కొనే రోజునే వేసుకోవలసిన ప్రశ్న ఇది. మన ఉద్యోగం రెండేళ్లో, నాలుగేళ్లో. ఆ తర్వాత వీసా అయిపోతుంది, లేదా కంపెనీ ఇంకో దేశానికి పొమ్మంటుంది. సామాను కట్టుకోడానికి నెల రోజులే వ్యవధి ఉంటుంది. సొంత ఊళ్లో ఉన్నవాడు మంచి బేరం వచ్చేదాకా ఆగగలడు. మనం ఆగలేం. ఆ సంగతి కొనేవాడికీ తెలుసు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. నేను కొన్నది ఉలిపికట్టె కారు. మొదటి నెలలోనే కొన్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ధర తక్కువగా ఉంది, రోడ్డు మీద అలాంటిది ఇంకొకటి కనబడదు. ఇంకొకటి కనబడదు అన్నది అప్పుడు నాకు గొప్పగా అనిపించింది! ఆరు నెలలకి ఎవరో పార్కింగులో రాసుకుంటూ పోయి పక్క అద్దం విరగ్గొట్టారు. అద్దమే, ఇంజను కాదు. మెకానిక్ చూసి, తెప్పించాలి అన్నాడు. ఎక్కణ్ణుంచి అంటే సముద్రం అవతల నుంచి అన్నాడు. ఏడు వారాలు ఆ అద్దాన్ని టేపుతో కట్టుకుని తిరిగాను. ఎడమ పక్క ఎవరొస్తున్నారో చూడమని పక్క సీట్లో మా ఆవిడని కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ చెప్పింది నేను ఎన్నిసార్లు విన్నానన్నది వేరే ప్రసంగం.

ఇన్సూరెన్సు దగ్గరా ఇదే తంతు. విడి భాగాలు దొరకని బండికి రిపేరు ఖర్చెక్కువ, అందుకని ప్రీమియమూ ఎక్కువే అన్నారు. తక్కువ ధరకి కొన్నానన్న సంతోషం మొదటి ఏడాదే హరించుకుపోయింది.

ఇంటి దగ్గరున్న కారునే ఓడలో తెచ్చుకుంటానని కొందరంటారు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఉంటుంది. సుంకం, పొగ పరీక్ష, రిజిస్ట్రేషను ఒక ఎత్తు. ఆ దేశంలో బండ్లు రెండో వైపు నడుస్తాయా, ఇక చెప్పక్కర్లేదు. ముందున్న లారీని దాటాలంటే అవతల ఏమొస్తోందో స్టీరింగు దగ్గరున్న మీకు కనబడదు, పక్క సీటులోవాళ్లకి కనబడుతుంది. హెడ్‌లైట్లు కూడా ఒక వైపు రోడ్డుకి తగ్గట్టు వాలి ఉంటాయి. వైపు మారిందంటే ఎదురొచ్చేవాడి కళ్లలో కొడతాయి.

లైసెన్సు సంగతి రెండు ముక్కల్లో. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అన్నది మీ సొంత లైసెన్సుకి తోడు మాత్రమే, దానంతటది చెల్లదు. రోడ్డు రాకపోకల మీద దేశాల మధ్య కుదిరిన 1949 నాటి ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిటుకి ఏడాది గడువు. 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చినది మూడేళ్ల దాకా ఉండొచ్చు. అయితే చాలాచోట్ల, అక్కడ నివాసం ఏర్పరచుకున్నాక, పర్మిటు గడువు మిగిలున్నా స్థానిక లైసెన్సు తీసుకోవాల్సిందే. ఆ పరీక్ష ఆటోమేటిక్ బండిలో పాసైతే గేర్ల బండి నడపనివ్వని దేశాలున్నాయి, అది ముందే కనుక్కోండి.

ఆ చిక్కు లేకపోతే, వైపు మారినవాళ్లకి నేను ఆటోమేటిక్కే మంచిదంటాను. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు ఏ దేశంలోనైనా అదే వరసలో ఉంటాయి, కాళ్లకి బాధ లేదు. బాధంతా చేతులకే. గేరు కోసం చెయ్యి తలుపు మీద కొట్టుకుంటుంది. ఇండికేటరు అనుకుని వైపరు వేస్తాం. మండుటెండలో వైపరు ఆడించుకుంటూ మలుపు తిరుగుతున్న కారు కనిపిస్తే, లోపల ఉన్నది కొత్తగా దిగినవాడని గుర్తు పట్టొచ్చు. నేను నెలరోజులు ఆడించాను.

సరే, మరి ఏ కారు కొనాలి? పని ఒక్కటే చెప్తాను. దిగిన వారం రోజుల్లో కారు కొనకండి. ఒక సాయంత్రం కాగితమూ పెన్సిలూ పట్టుకుని, మీరుండే చోటికి దగ్గర్లో బండ్లు ఆపే స్థలానికి వెళ్లండి. వంద కార్లు లెక్కపెట్టండి. ఏ కంపెనీది, ఏ మోడలు, గీతలు పెట్టుకోండి. కొత్తవి వదిలేయండి. ఐదారేళ్ల వయసు దాటి ఇంకా తిరుగుతున్నవే చూడండి. టాక్సీవాళ్లు ఏం నడుపుతున్నారో అది కూడా రాసుకోండి, ఎందుకంటే బండి ఆగితే వాళ్లకి ఆ పూట సంపాదన ఆగుతుంది.

గీతలు ఎక్కువ పడ్డ మొదటి మూడు పేర్లు తీసుకుని, కార్లు అమ్మేవాడి దగ్గరికి కాదు, బాగుచేసేవాడి దగ్గరికి వెళ్లండి. మళ్లీ చెప్తున్నాను, అమ్మేవాడి దగ్గరికి కాదు, బాగుచేసేవాడి దగ్గరికి. ఒక్కటే అడగండి: ఈ కారుకి పక్క అద్దం విరిగితే ఎన్నాళ్లు పడుతుంది? రేపు రమ్మన్నాడా, అది మీ కారు. రంగు నచ్చకపోయినా సరే, మీ పక్కింటివాళ్లది కూడా అదే అయినా సరే.

నా కారు ఏమైందని అడుగుతారేమో. తిరుగు ప్రయాణానికి నెల ముందు ప్రకటన ఇచ్చాను. ముగ్గురు వచ్చారు, మూడుసార్లూ చుట్టూ తిరిగి చూశారు, ముచ్చటగా ఉందన్నారు, వెళ్లిపోయారు. ఆఖరి వారంలో ఆ మెకానికే తీసుకున్నాడు, నేను కొన్నదానిలో నాలుగో వంతుకి. నీకెందుకయ్యా ఇది అని అడిగాను.

"విడి భాగాలకి ఉంచుకుంటాను సార్. మళ్లీ మీలాంటి వారెవరైనా దిగుతారు కదా" అన్నాడు.

నమస్కారం.