కార్డులో అమ్మ పేరు ఉందా?

శ్రోతలకు నమస్కారం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైంది. పేద కుటుంబం ప్రీమియం కట్టక్కర్లేదు. తెలంగాణలో ఇప్పుడు ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఒక అమ్మ సంగతి.

మా ఊళ్లో ఒకామె కూలికి వెళుతుంది. ఇద్దరు పిల్లలు. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే ఆ పూటే డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనిషి, తనకు ఆయాసం వస్తుంటే మాత్రం "పత్తి తీతలు అయిపోనీ" అని వాయిదా వేసింది. చివరికి మెట్లెక్కలేని స్థితికొచ్చాక చూపించుకుంది. గుండె వాల్వు చెడిపోయింది, ఆపరేషన్ చేయాలన్నారు.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేయించడానికి భర్త రేషన్ కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ ఆరోగ్యమిత్ర, అంటే ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఉద్యోగి, కార్డు చూశారు. భర్త పేరుంది. అత్తగారి పేరుంది. ఇద్దరు పిల్లల పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. పెళ్లవగానే పుట్టింటి కార్డులోంచి తీయించారు, అత్తింటి కార్డులో ఎక్కించడం ఎవరికీ గుర్తులేదు. పేరు ఎక్కేదాకా ఆయాసంతోనే ఇంట్లో కూర్చుంది. పేరు ఎక్కాకే ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు మళ్లీ పనికి వెళుతోంది.

నన్ను బాధపెట్టేది ఒకటే. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి పేరే కార్డులో లేకపోవడం. ఆమె మంచాన పడితే ఒక కూలి పోతుంది, పిల్లల బడి కూడా ఆగుతుంది. అందుకే అమ్మానాన్నల వైద్యమంటే నా దృష్టిలో అది పిల్లల సంగతే.

కాబట్టి ఒక్క పని చేయండి. ఇవాళే కార్డు తీసి పేర్లు చదవండి. కొత్త కోడలి పేరుందా? అమ్మ పేరుందా? లేకపోతే తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. పుట్టింటి కార్డులో పేరు ఇంకా ఉంటే ముందు అక్కడ తీయించాలి, ఆ తర్వాతే ఇక్కడ ఎక్కుతుంది. ఆధార్‌లో, కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియకపోతే 104కు ఫోన్ చేసి అడగండి.