వెలిగినదల్లా క్యాన్సర్ కాదు

శ్రోతలకు నమస్కారం.

మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద గడ్డ కనిపించింది. క్యాన్సర్‌ను వెతికే పెట్ స్కాన్‌కు ముందు ఫ్లోరిన్ కలిసిన సూదిమందు ఇస్తారని చెప్పగానే, వంగిన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "ఆ నీళ్లు తాగే కదా బాబూ ఇవి ఇలా అయ్యాయి! మళ్లీ అదేనా?" అన్నారు. నల్లగొండ జిల్లాలో ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. సూదిలో ఉండేది ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక రకం, అదీ తూకానికి అందనంత కొద్దిగా. ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది. నల్లగొండలో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేసరికి సగం తరిగిపోయినట్టే. తరిగినది ఆక్సిజన్‌గా మారుతుంది, మరునాటికి దాదాపు ఏమీ మిగలదు.

దీన్ని గ్లూకోజు లాంటి పదార్థానికి తగిలిస్తే ఎఫ్‌డీజీ అవుతుంది. క్యాన్సర్ కణాలకు చక్కెర ఆకలి ఎక్కువని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్బర్గ్ 1920లలోనే గమనించారు. అవి ఎఫ్‌డీజీని లోపలికి లాక్కుంటాయి గానీ అరిగించుకోలేవు. అది అక్కడే చిక్కుకుని స్కాన్‌లో వెలుగుతుంది. ఛాతీ మధ్య లింఫు గ్రంథులకు, కాలేయానికి, ఎముకలకు వ్యాధి పాకిందా అన్నది ఒకే స్కాన్‌లో కనిపిస్తుంది. ఆపరేషన్ చేయాలా వద్దా అన్న నిర్ణయానికి ఇదే పెద్ద ఆధారం. మెదడు ఎప్పుడూ చక్కెర వాడుకుంటూనే ఉంటుంది కనుక అక్కడ మాత్రం ఎంఆర్ఐ కావాలి.

క్షయ గడ్డ కూడా ఇలాగే వెలుగుతుంది! రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ ఏడ్వడం నాకు బాధ కలిగిస్తుంది. ముక్క పరీక్ష అయ్యేదాకా అది క్యాన్సరని ఎవరూ అనకూడదు. ఆ పెద్దాయన కూడా ఎప్పుడో టీబీ మందులు వాడిన సంగతి స్కాన్ గది గుమ్మం దగ్గర గానీ చెప్పలేదు.

చక్కెరతో పని లేని స్కాన్ మందులూ వస్తున్నాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రూపొందిన ఫాపి, గడ్డ చుట్టూ అల్లుకునే ఫైబ్రోబ్లాస్టు కణాల మీది ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. దీనికి ఉపవాసం అక్కర్లేదు. మెదడులో సహజమైన వెలుగు ఉండదు కాబట్టి అక్కడి చిన్న మచ్చలూ బయటపడే వీలుంది. అయితే పాత గాయపు మచ్చల దగ్గర ఇదీ వెలుగుతుంది. కార్సినాయిడ్ అనే అరుదైన ఊపిరితిత్తి గడ్డకు డోటాటేట్ అనే మందు ఇప్పటికే వాడుకలో ఉంది.

ఎఫ్‌డీజీ స్కాన్‌కు వెళ్లేవారు దాదాపు ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. షుగరు ఉంటే వేసుకునే మాత్రల గురించి ముందు రోజే అడగండి. పాత టీబీ కాగితాలు, పాత ఎక్స్‌రేలు సంచిలో పెట్టుకోండి. సూది వేశాక గంటసేపు కదలకుండా పడుకోవాలి. ఆ రోజు చంటిపిల్లలను ఒడిలోకి తీసుకోకండి.

నమస్కారం.