మట్టి ముంత కనబడింది, వ్యాగను బరువు కనబడలేదు

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమానికి లిఖిత రూపం. పాల్గొన్నవారు: రాజనీతిశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్న ఆచార్యులు, వాల్తేరు డివిజనులో సరుకు రవాణా చూసి పదవీ విరమణ చేసిన రైల్వే అధికారి, నగరంలో చాలాకాలంగా పనిచేస్తున్న పాత్రికేయురాలు.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. ఎన్నికలు దగ్గరపడుతున్నాయంటే మన నగరంలో కొన్ని దృశ్యాలు తప్పవు. ఒక అభ్యర్థి జగదాంబ కూడలి దగ్గర టిఫిన్ బండి ఎక్కి దోసె తిప్పుతారు, ఇంకొకరు కంచరపాలెంలో ఇస్త్రీ పెట్టె పట్టుకుంటారు, మరొకరు రైతుబజారులో తక్కెడ ఎత్తి వంకాయలు తూస్తారు. ఆ పంచె, ఆ పల్లె మాట, ఆ చేతిలోని అట్లకాడ, వీటి వెనక ఉన్న మనిషి పుట్టుక, చదువు, పని సామర్థ్యం మనకు ఎంతవరకు తెలుస్తున్నాయన్నది నేటి ప్రశ్న. ముందుగా ఆచార్యులు గారు.

ఆచార్యులు: వేషం అనే మాటను నేను తిట్టుగా వాడను. వీధి భాగవతంలో సత్యభామ వేషం కట్టిన మగవాడిని ఎవరూ మోసగాడు అనలేదు, జడ వేసిన తీరు బాగుందా లేదా అనే చూశారు. రాజకీయంలోనూ జనం ముందు నిలబడడం ఒక విద్య, అది రానివాడు ఎంత పండితుడైనా ఓటు అడగలేడు. అయితే ఒక అపోహను మొదటే తొలగించాలి. జనానికి దగ్గర కావాలంటే జనంలా మాట్లాడాలని మనం అనుకుంటాము, కానీ తెలుగుదేశం పార్టీని 1982 మార్చి 29న స్థాపించి 1983 జనవరిలో అధికారానికి వచ్చిన ఎన్.టి.రామారావు గారు వేదికలపై మాట్లాడింది పల్లె యాస కాదు, గ్రాంథికపు వాసన ఉన్న గంభీరమైన తెలుగు. చైతన్యరథం మీద తిరిగి, రోడ్డు పక్కన స్నానం చేసి, అక్కడే తిని పడుకున్న ఆ మనిషిని ఆడవాళ్లు అన్నగారన్నారు. ఆయన నిమ్మకూరు రైతు కుటుంబంలో పుట్టినవాడే, గుంటూరులో బి.ఎ. చదివి, సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం చేతికొచ్చినా కొద్ది వారాలకే వదిలేసినవాడే. ఆ వివరాలు చాలామంది ఓటర్లకు తెలియవు, తెలియవలసిన అవసరమూ వారికి కనబడలేదు. కిలో రెండు రూపాయల బియ్యం మాత్రం అందరికీ తెలిసింది.

సమన్వయకర్త: అంటే యాసకు అంత ప్రాధాన్యం లేదంటారా?

పాత్రికేయురాలు: క్షమించండి, ఇక్కడ నేను ఆచార్యులు గారితో విభేదిస్తాను. ఆ కాలంలో, ఆ ఒక్క మనిషి విషయంలో అది నిజమై ఉండవచ్చు. ఉత్తరాంధ్రలో మాత్రం యాస చాలా పెద్ద విషయం. మా యాసను దశాబ్దాలపాటు తెర మీద నవ్వించే పాత్రలకే కేటాయించారు, అందువల్ల ఇక్కడే పుట్టి, 'ఎల్తన్నాను', 'ఏటి', 'నానొచ్చాను' అని సహజంగా మాట్లాడే నాయకుడు శాసనసభలో లేచి నిలబడితే, ఆయన చెప్పే లెక్క సరైనదైనా ముందు నవ్వు వినబడుతుంది. అదే యాసను బయటినుంచి వచ్చిన అభ్యర్థి మూడు వారాల్లో నేర్చుకుని వాడితే, ఎంత కలిసిపోయారో అని మెచ్చుకుంటారు. ఒకరికి అది మొరటుతనం, ఇంకొకరికి అలంకారం.

రైల్వే అధికారి: నేర్చుకున్న యాస దొరికిపోతుందమ్మా.

పాత్రికేయురాలు: దొరికిపోతుంది సర్, నా కళ్లముందే దొరికిపోయింది. ఒకసారి ఒక అభ్యర్థి వెంట ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. లుంగీ కట్టారు, తలకు తువ్వాలు చుట్టారు, వాక్యానికి ఒక 'ఏటమ్మా' తగిలిస్తున్నారు. చేపల పోగులు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ ముందు గొంతుక్కూర్చుని "ఏటమ్మా, ఈ వంజరం కిలో ఎంత?" అని అడిగారు. ఆవిడ చేతిలోని చేపను కింద పెట్టకుండానే, "ఇది కోనాం బాబూ" అని, మళ్లీ తన బేరంలో పడిపోయింది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ చేపను ఇక్కడి పల్లెల్లో కోనాం అంటారు, వంజరం అన్నది హోటలు పట్టికలో చూసే పేరు. ఆయన మాట చివర తగిలించే తోకను నేర్చుకున్నారు కానీ చేప పేరు నేర్చుకోలేదు. కెమెరాలో మాత్రం లుంగీ చక్కగా వచ్చింది.

(స్టూడియోలో నవ్వులు)

సమన్వయకర్త: అయితే ఆ అభ్యర్థి అసమర్థుడనగలమా?

పాత్రికేయురాలు: అనలేము, నేను చెప్పదలచుకున్నదీ అదే. చేప పేరు తెలియకపోవడానికీ హార్బరులో ఐసు ప్లాంటు నడపగలగడానికీ సంబంధం లేదు. కానీ ఆయన ఐసు ప్లాంటు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనే పరీక్షను చేప దగ్గర పెట్టుకున్నారు, అక్కడే తప్పారు.

సమన్వయకర్త: సర్, మీరు లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్న 2004 నుంచి 2009 వరకు సర్వీసులో ఉన్నారు. పల్లెటూరి వేషం అనగానే దేశమంతటా మొదట గుర్తొచ్చే పేర్లలో అది ఒకటి.

రైల్వే అధికారి: ఆ ఐదేళ్లను నేను ఆఫీసు కిటికీలోంచి కాదు, యార్డులోంచి చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఆయన వచ్చీ రాగానే స్టేషన్లలో ప్లాస్టిక్ కప్పులు తీసేసి మట్టి ముంతల్లో టీ అమ్మాలన్నారు. కుమ్మరివాళ్లకు పని దొరుకుతుంది, టీకి మట్టి వాసన వస్తుంది, టీవీలకు బొమ్మ దొరుకుతుంది. ఇప్పటికీ ఎవరినడిగినా లాలూ అంటే ముంతే చెబుతారు. రైల్వేకు డబ్బు తెచ్చింది ముంత కాదండీ. మా కిరండోల్ లైనులో బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకున్న బండి అనంతగిరి కొండల మీదుగా విశాఖకు దిగుతుంది, ఆ దిగుడులో ప్రతి టన్నూ లెక్కే, ప్రతి బ్రేకూ లెక్కే. ఒక వ్యాగనులో ఎంత బరువు వేయవచ్చు అన్న పరిమితి అప్పటిదాకా ఒక గీతలా ఉండేది. కాగితం మీద గీత ఒకచోట, వ్యాగనులో సరుకు మరొకచోట ఉన్న సందర్భాలు దేశంలో చాలాచోట్ల ఉండేవి, ఆ అదనపు సరుకుకు రైల్వేకు కిరాయి వచ్చేది కాదు. ఖనిజం, బొగ్గు మోసే మార్గాల్లో ఆ పరిమితిని వ్యాగనుకు కొన్ని టన్నులు అధికారికంగా పెంచారు. పాత వ్యాగను, పాత ఇంజను, పాత పట్టాలే ఉంటాయి, కిరాయి మాత్రం పెరుగుతుంది. దానితోపాటు వ్యాగను ఒకసారి నింపి మళ్లీ నింపడానికి పట్టే కాలాన్ని తగ్గించారు. ఒక రోజు తగ్గితే వేల వ్యాగన్లు కొత్తగా కొన్నట్టే.

ఆచార్యులు: పట్టాలు అరిగిపోతాయని ఇంజనీర్లు అభ్యంతరం చెప్పారు కదా?

రైల్వే అధికారి: చెప్పారు, మా దగ్గరా చెప్పారు, ఆ అభ్యంతరంలో పస ఉంది. అరిగిన పట్టా ఖర్చు ఆ ఏడాది లెక్కలో కనబడదు. ఇంకో మాట, ఆ రోజుల్లో దేశ ఆర్థిక వ్యవస్థే పరుగులో ఉంది, సరుకు దానంతటదే పెరిగింది. లాలూ పక్కన సుధీర్ కుమార్ అనే ఐఏఎస్ అధికారి కూర్చుని ఈ లెక్కలన్నీ నడిపించారు. 2009 డిసెంబరులో, ఆయన తరువాత రైల్వే మంత్రి అయిన మమతా బెనర్జీ పార్లమెంటు ముందుంచిన శ్వేతపత్రం, ఆ ఐదేళ్లలో రైల్వేకు మిగిలిందని చూపిన డబ్బును లెక్కగట్టిన తీరునే తప్పుపట్టింది. కాబట్టి అంతా లాలూ ప్రతిభే అని నేను అనను. అయితే అధికారి చెప్పిన లెక్కను విని, అందులో సత్తువ ఉందని పట్టుకుని, ఛార్జీలు పెంచి తీరాలన్నవాళ్లను పక్కన పెట్టడం మంత్రి చేయవలసిన పని. ఆ పని ఆయన చేశారు. ఆయన చదువురాని పశువుల కాపరి అని నవ్వినవాళ్లకు, ఆయన పాట్నా విశ్వవిద్యాలయం విద్యార్థి సంఘానికి అధ్యక్షుడనీ, న్యాయశాస్త్రం చదివాడనీ, ముప్పై ఏళ్లు నిండకముందే 1977లో లోక్‌సభకు వెళ్లాడనీ తెలియదు. తెలియకుండా ఉండడమే ఆయనకు లాభం.

పాత్రికేయురాలు: అదే మనిషి 2013లో పశుగ్రాసం కేసులో దోషిగా తేలి లోక్‌సభ సభ్యత్వం పోగొట్టుకున్నారని కూడా చేర్చండి సర్. ఆ నవ్వుల వెనక సామర్థ్యమే కాదు, అదీ దాగింది.

రైల్వే అధికారి: చేర్చాలి. ముంత మూత లాంటిది, కింద పాలున్నా కప్పుతుంది, ఇంకేమున్నా కప్పుతుంది.

ఆచార్యులు: దీనికి సరిగ్గా తిరగేసిన కథ అమెరికాలో ఉంది. జార్జి డబ్ల్యూ. బుష్ 1978లో పశ్చిమ టెక్సస్ నుంచి ప్రతినిధుల సభకు పోటీ చేశారు. ప్రత్యర్థి కెంట్ హాన్స్ ఆయన్ను యేల్‌లోనూ హార్వర్డులోనూ చదివివచ్చిన తూర్పు తీరపు పరాయివాడని ఊరూరా చెప్పి ఓడించారు. చెప్పింది అబద్ధం కాదు. బుష్ పుట్టింది కనెక్టికట్ రాష్ట్రంలో, తాత అక్కడి సెనేటరు, తండ్రి తరువాత దేశాధ్యక్షుడయ్యారు. ఆ ఓటమి తరువాత చదువు ఆయన ప్రసంగాల్లోంచి మాయమైంది. అధ్యక్ష పదవికి సిద్ధమవుతున్న 1999లో క్రాఫర్డ్ అనే చిన్న ఊరి దగ్గర పశువుల క్షేత్రం కొన్నారు, సెలవు దొరికినప్పుడల్లా అక్కడ రంపం పట్టి పొదలు నరికారు. హార్వర్డులో ఎంబీఏ పట్టా పొందిన ఆ మనిషిని ప్రత్యర్థులు మందబుద్ధి అని తక్కువ అంచనా వేసి రెండుసార్లు దెబ్బతిన్నారు. ఇంగ్లండులో ఈటన్‌లో చదివి, ఆక్స్‌ఫర్డులో గ్రీకు, లాటిను చదివి, తరువాత బ్రిటన్ ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ చెదిరిన జుట్టుతో చేసినదీ ఇంచుమించు ఇదే. లాలూ ఉన్న మట్టినే మరింత పూసుకున్నారు, వీళ్లు లేని మట్టిని కొని తెచ్చుకున్నారు.

సమన్వయకర్త: మన దగ్గర ఉన్న చదువును దాచని నాయకులు లేరా?

ఆచార్యులు: ఎందుకు లేరు? రైతు నాయకుడు ఎన్.జి.రంగా ఆక్స్‌ఫర్డులో చదివివచ్చి నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టారు. చదివినది రైతుకు చెప్పడానికే అన్నట్టు బతికారు. ప్రకాశం పంతులు గారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించింది, ఆయన లండన్ వెళ్లి బారిస్టరయి, రెండు చేతులా సంపాదించి, అదంతా ఉద్యమంలో పోగొట్టుకున్నారు. వారికి పేదరికం ప్రచార వస్తువు కాదు. వైద్యుడైన వై.ఎస్.రాజశేఖరరెడ్డి గారి పంచెకట్టును మాత్రం నేను మధ్యలో పెడతాను. 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు జనం చూసింది పంచెనే, అయితే 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు దాని వెనక ఎంబీబీఎస్ చదివినవాడి ఆలోచన ఉందని అందరూ ఒప్పుకున్నారు.

సమన్వయకర్త: ప్రేక్షకులలో ఒక అమ్మాయి చెయ్యెత్తారు.

ప్రేక్షకురాలు: నాకు ఈ ఏడాదే ఓటు వచ్చింది. దోసె వేసినాయన నిజంగా ఎవరో తెలుసుకోవడానికి నాకు దారి ఉందా?

పాత్రికేయురాలు: ఉందమ్మా, కాగితం ఉంది. సుప్రీంకోర్టు 2002లోనూ 2003లోనూ ఇచ్చిన తీర్పుల వల్ల ప్రతి అభ్యర్థి నామినేషనుతో పాటు ఫారం 26 అనే ప్రమాణపత్రం ఇవ్వాలి. తన ఆస్తులు, భార్య లేదా భర్త ఆస్తులు, అప్పులు, పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు, ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులలో చూపిన ఆదాయం, ఏ సంస్థలో ఏ ఏడాది ఏం చదివారో అందులో రాయాలి. దాన్ని రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటిస్తారు, ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనూ పెడతారు. నేను మొదట ఆస్తులు చూడను, వృత్తి అన్న గడి చూస్తాను. వేదిక మీద రైతుబిడ్డనని చెప్పుకున్నవారు ఆ గడిలో ఏం రాశారో చూస్తే కొన్నిసార్లు మంచి కాలక్షేపం. ఇదివరకు సభ్యులుగా ఉన్నవారైతే సభలో ఏం ప్రశ్నలు వేశారో కూడా చూడండి.

రైల్వే అధికారి: చదువు గడి చూసి ఎవరినీ కొట్టిపారేయవద్దమ్మా. పదో తరగతి తప్పిన వార్డు సభ్యుడు నీటి వాల్వు ఎక్కడుందో చీకట్లో చెప్పగలడు, పట్టభద్రుడైన అధికారి మ్యాపు కోసం వెతుకుతుంటాడు. ఈ రెండూ నేను చూశాను.

సమన్వయకర్త: చివరగా మీ వృత్తి గురించే ఒక మాట అడుగుతాను మేడమ్. దోసె తిప్పడం చూపేది మీ కెమెరాలే కదా?

పాత్రికేయురాలు: అవును, ఆ తప్పు నుంచి తప్పించుకోను. మా పేట పక్కన ఒక గెడ్డ ఉంది, వాన గట్టిగా పడితే పొంగి ఇళ్లలోకి వస్తుంది. ఒక ప్రజాప్రతినిధి వచ్చినప్పుడు, పూడిక తీతకు మంజూరైన డబ్బు ఏమైందని మైకు పెట్టి అడిగాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు తల్లీ" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు పకపక నవ్వారు. నేనూ నవ్వాను. సామెత అంత చక్కగా కుదిరింది మరి. ఆ నవ్వులో ఆయన కారెక్కారు, నేను రెండో ప్రశ్న వేయలేదు. రాత్రి బులెటినులో ఆ సామెతే వేశాము, మంజూరైన డబ్బు మాట ఎక్కడా రాలేదు.

రైల్వే అధికారి: ఇంతకీ పూడిక తీశారా?

పాత్రికేయురాలు: లేదు సర్. మొన్నటి వానకు మా గుమ్మంలోకి మళ్లీ వచ్చింది.