రైబోజోమ్ తనను తాను ఎలా కట్టుకుంటుంది?

నమస్కారం. ఈరోజు రైబోజోమ్ గురించి మాట్లాడుకుందాం. పాఠ్యపుస్తకంలో దీనికి దక్కేది ఒక్క వాక్యం: ప్రొటీన్ల తయారీ కేంద్రం. బట్టీపట్టి పరీక్ష రాసేస్తాం. ఆ కేంద్రాన్ని ఎవరు కట్టారు, దేనితో కట్టారు అనే ప్రశ్న తరగతిలో ఎవరూ వేయరు. నన్నడిగితే, జీవశాస్త్రంలో అంతకంటే గొప్ప ప్రశ్నలు చాలా తక్కువ.

ముందు దేనితో కట్టారో చూద్దాం. ఈ.కొలై బ్యాక్టీరియా రైబోజోమ్‌లో రెండు భాగాలుంటాయి. చిన్న భాగంలో 1,542 రసాయన అక్షరాల పొడవున్న ఒకే ఒక్క ఆర్ఎన్ఏ (డీఎన్ఏకు దగ్గరి చుట్టమైన అణువు) పోగు, దాన్ని అంటిపెట్టుకున్న 21 ప్రొటీన్లు. పెద్ద భాగంలో రెండు ఆర్ఎన్ఏలు, ముప్పైకి పైగా ప్రొటీన్లు. మొత్తం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఆర్ఎన్ఏదే.

1968లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ట్రాబ్, మసాయాసు నోమురా ఆ చిన్న భాగాన్ని పూర్తిగా విడదీశారు. ఆర్ఎన్ఏ ఒక పక్క, ప్రొటీన్లన్నీ మరో పక్క. తరువాత రెండింటినీ ఉప్పు, మెగ్నీషియం ఉన్న ద్రావణంలో కలిపి సుమారు 40 డిగ్రీల వేడిలో ఉంచారు. అవి వాటంతట అవే కూడుకున్నాయి. కూడుకోవడమే కాదు, మళ్లీ పనిచేశాయి! ఎక్కడ ఏది అతకాలన్న సమాచారమంతా ఆ అణువుల ఆకారంలోనే ఉందన్నమాట. అదే మిశ్రమాన్ని చల్లగా ఉంచితే పని సగంలో ఆగిపోయింది. కొన్ని ప్రొటీన్లు ఆర్ఎన్ఏను పట్టుకున్నాయి, మిగిలినవి ద్రావణంలోనే ఉండిపోయాయి. వేడి తగిలాక ఆర్ఎన్ఏ మడత మారింది, వాటికీ చోటు దొరికింది.

ఆ తరువాత నోమురా బృందం ప్రొటీన్లను ఒక్కొక్కటిగా కలుపుతూ, ఏది దేని తరువాత చేరుతుందో పటం గీసింది. అందులో ఒక మూల చూద్దాం. ఎస్7 అనే ప్రొటీన్ ఎవరి సాయమూ లేకుండా నేరుగా ఆర్ఎన్ఏను పట్టుకుంటుంది. అది కూర్చున్న చోట వదులుగా ఉన్న పోగు ఒక రూపానికి వస్తుంది. అప్పుడు ఎస్9, ఎస్19 వచ్చి చేరతాయి. అవి కుదురుకున్నాక ఎస్10, ఎస్14. ఎస్7ను తీసేస్తే ఈ వరుస అంతా నిలిచిపోతుంది. ముందొచ్చిన ప్రతి ప్రొటీనూ తరువాతి దానికి పీట వేస్తుంది.

మరి అసలు పని చేసేది ఎవరు? 2000లో యేల్ విశ్వవిద్యాలయంలో థామస్ స్టైట్జ్, పీటర్ మూర్ బృందాలు మృత సముద్రంలో బతికే ఒక సూక్ష్మజీవి రైబోజోమ్ పెద్ద భాగాన్ని దాదాపు అణువణువూ కనిపించేంత స్పష్టంగా చూపించాయి. ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి ముడిపడే చోటికి 18 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో ఒక్క ప్రొటీన్ కూడా లేదు. చుట్టూ ఉన్నదంతా ఆర్ఎన్ఏయే. అంటే మన ఒంట్లోని ప్రతి ప్రొటీన్‌నూ అల్లుతున్నది ఆర్ఎన్ఏ! దాన్ని కబురు మోసే బంటుగా మాత్రమే చెప్పే పాఠం చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. రైబోజోమ్ నిర్మాణంపై చేసిన కృషికి 2009లో స్టైట్జ్‌తో పాటు వెంకట్రామన్ రామకృష్ణన్‌కు, అడా యోనాత్‌కు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

మన కణాల్లో ఈ నిర్మాణం ఇంకా పెద్ద వ్యవహారం. కేంద్రకం లోపల కేంద్రకాంశం (న్యూక్లియోలస్) ఉంటుంది, రైబోజోమ్ కట్టడం మొదలయ్యేది అక్కడే. దానికి పొర లేదు, గోడ లేదు. చారు మీద తేలే రెండు నూనె చుక్కలు దగ్గరికొస్తే ఎలా కలిసి గుండ్రంగా ఒకటవుతాయో, కేంద్రకాంశాలూ అలాగే కలుస్తాయని 2011లో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, టిమ్ మిచిసన్, ఆంథొనీ హైమన్ జెనోపస్ కప్ప అండకణాల్లో చూపారు. ఆర్ఎన్ఏలు, ప్రొటీన్లు ఒకదాన్నొకటి బలహీనంగా, కానీ చాలాచోట్ల పట్టుకోవడం వల్లే ఆ చుక్క నిలుస్తుంది. ఒక పొడవాటి ఆర్ఎన్ఏ ఆ చుక్కలోనే తయారై, అక్కడే ముక్కలవుతుంది. దాని మీద ఎక్కడ చిన్న రసాయన గుర్తు పెట్టాలో చూపించేవి కూడా బుల్లి ఆర్ఎన్ఏలే. చేరాల్సిన ప్రొటీన్లు మాత్రం కేంద్రకం బయట, పాత రైబోజోమ్‌ల దగ్గర తయారై లోపలికి వస్తాయి. కట్టడంలో చేయి వేసి తప్పుకునే సహాయకులు 200కు పైనే. వేగంగా పెరిగే ఈస్ట్ కణం ఇంత తతంగాన్నీ నడుపుతూ నిమిషానికి సుమారు 2,000 రైబోజోమ్‌లు కడుతుంది.

ఇందులో ఒక్క ప్రొటీన్ తగ్గితే ఏమవుతుందో డైమండ్ బ్లాక్‌ఫ్యాన్ అనీమియా చెబుతుంది. ఎక్కువగా ఏడాది లోపు పసిపిల్లల్లోనే బయటపడే అరుదైన రక్తహీనత ఇది. ఆర్‌పీఎస్19 అనే రైబోజోమ్ ప్రొటీన్ జన్యువులో లోపం దీనికి కారణమవుతుందని 1999లో తేలింది. ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి చెడినా చాలు. నిర్మాణం కుంటుపడినప్పుడు, రైబోజోమ్‌లో చేరాల్సిన కొన్ని ప్రొటీన్లు, ఒక చిన్న ఆర్ఎన్ఏ జట్టుగా మిగిలిపోతాయి. ఆ జట్టు వెళ్లి ఎండీఎం2 అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. కణ విభజనకు కళ్లెం వేసే పీ53 అనే ప్రొటీన్‌ను మామూలుగా అదుపులో ఉంచేది ఈ ఎండీఎం2యే. అదుపు తప్పిన పీ53 కణ విభజనను ఆపేస్తుంది. హిమోగ్లోబిన్ కోసం హడావుడిగా ప్రొటీన్లు తయారుచేసుకోవాల్సిన ఎర్రరక్త కణాల మాతృకలకే మొదటి దెబ్బ తగులుతుంది. ఈ పిల్లలకు స్టెరాయిడ్లు ఇస్తారు, రక్తం ఎక్కిస్తారు. రక్తహీనత శాశ్వతంగా తీరాలంటే సరిపోయే దాత దొరికి ఎముక మజ్జ మార్పిడి జరగాలి.