ముక్కూమొహం తెలియనివాళ్ల డైరీ చదవడం ఎలా?

[తెర మీద తెల్లటి పేజీ. పైన తేదీ: 2019 జూన్ 21. అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటాయి.]

"లారీ ఆరున్నరకు వచ్చింది. పదకొండు బిందెలు. మేడ మీద వాళ్లు పదమూడు పట్టారు, నేను లెక్కపెట్టాను. అప్పడాల పిండి కలపలేదు."

ఆ రోజు టపా, అంటే పోస్టు, మొత్తం ఇంతే. ఫొటో లేదు, వ్యాఖ్యలు సున్నా.

[తెర మీద నేను, వంటింటి గట్టు దగ్గర.]

నమస్తే అండీ. ఇది కొళత్తూరులో ఉండే ఒక పెద్దావిడ ఆన్‌లైన్‌లో రాసుకునే తెలుగు డైరీ. ఆవిడ నాకు చుట్టం కాదు, స్నేహితురాలూ కాదు. నేనుండేది వేళచ్చేరిలో, అంటే మేమిద్దరం చెన్నైకి ఆ కొసనొకరం, ఈ కొసనొకరం. ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. అయినా రెండేళ్లపాటు పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని మొదట చదివింది ఆవిడ రాసిందే.

ఆ జూన్‌లో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ అడుగంటాయని పేపర్లన్నీ రాశాయి. నేనూ చదివాను, అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. కానీ "అప్పడాల పిండి కలపలేదు" అన్న చోట ఆగిపోయాను. పిండి కలపడానికి నీళ్లెన్ని కావాలండీ, మహా అయితే గ్లాసుడు. అసలు ఖర్చు తర్వాత ఉంటుంది. పీట కడగాలి, కర్ర కడగాలి, గిన్నె కడగాలి, ఇంగువ వాసన పోయేదాకా చేతులు కడగాలి. పదకొండు బిందెల ఇంట్లో ఆ కడుగుడుకే లెక్క చాలదు. ఆవిడ ఇదంతా విడమరిచి చెప్పలేదు. చెప్పాలని కూడా అనుకొని ఉండదు.

జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ల రైలు వచ్చింది, గుర్తుందా? యాభై వ్యాగన్లు, మొత్తం 25 లక్షల లీటర్లు, విల్లివాక్కంలో దిగాయి. టీవీల వాళ్లంతా అక్కడే. రైలుకి పూలదండలు. విల్లివాక్కానికి కొళత్తూరు పక్కనే. ఆ రోజు ఆవిడ రాసింది: "రైలు వచ్చిందట. మా కొళాయిలో ఇంకా గాలే."

[కట్. పాత మద్రాసు పటం. తండయార్‌పేట మీద చుక్క.]

ఇలా ఒకరి రోజువారీ సంగతులు ఇంకొకరు కూర్చుని చదవడం ఇంటర్నెట్‌తో పుట్టిన సరదా అనుకుంటే పొరపాటు. మన తెలుగువాళ్లకి, అందులోనూ చెన్నై తెలుగువాళ్లకి ఇది బాగా పాత అలవాటు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలో మాట ఇంకో భాషలో చెప్పేవాడిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న తండయార్‌పేట నుంచి కాశీకి బయల్దేరాడు. బోయీలు, పల్లకీలు, పెద్ద పరివారం. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. దారి పొడవునా ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఏం దొరుకుతాయి, ఏం దొరకవు అన్నీ రాసి, మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపేవాడు. ఆ పిళ్లెగారే దాన్ని 1838లో అచ్చువేయించాడు. మనం ఈ రోజు కాశీయాత్ర చరిత్ర అని చదువుతున్నది అదే. అప్పటికి వీరాస్వామయ్య పోయి రెండేళ్లయింది.

ఒకరు రాస్తుంటే ఒకరు ఎదురుచూస్తుండడం. ఇప్పటి భాషలో చెప్పాలంటే పిళ్లెగారు తొలి సబ్‌స్క్రైబరు. బెల్ బటన్ ఒక్కటే తక్కువ.

[తెర మీద: 1994, 1999, 2013. ఒకదాని వెంట ఒకటి, త్వరత్వరగా.]

ఇంటర్నెట్ కథ గబగబా చెప్పేస్తాను, మీకు సగం తెలిసిందే. 1994లో జస్టిన్ హాల్ అనే అమెరికా కాలేజీ కుర్రాడు తన సొంత బతుకు వెబ్‌లో రాసుకోవడం మొదలుపెట్టాడు. 1999లో లైవ్‌జర్నల్, బ్లాగర్ అనే సైట్లు వచ్చాయి, ఇక ఎవరైనా రాయొచ్చు. తెలుగులో టైపు చేయడానికి లేఖిని, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూడ్డానికి కూడలి. రెండూ వీవెన్ అనే ఆయన చలవే. పోస్టుని టపా అనడం, కామెంటుని వ్యాఖ్య అనడం ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చాయి. కూడలి తెరిస్తే చాలు, ఎవరింట్లో ఏం జరిగిందో వరసగా కనపడేది.

ఈ కూడలి ఎలా పనిచేసేదో అర్థమైతే అసలు కిటుకు చేతికి వచ్చినట్టే.

[వైట్‌బోర్డు. ఒక ఇల్లు, గేటుకి తగిలించిన పాల సంచి బొమ్మ.]

ప్రతి బ్లాగుకీ మనకి కనిపించని ఇంకో పేజీ ఉంటుంది. దాని పేరు ఫీడ్. గేటుకి తగిలించిన పాల సంచి అనుకోండి. లోపల ఇంటావిడ ఏం చేస్తున్నా సరే, కొత్త టపా పడగానే దాని తేదీ, పేరు, విషయం ఆ సంచిలో చేరతాయి. మన దగ్గర ఫీడ్ రీడర్ అనే యాప్ ఉంటుంది. అది కాసేపటికోసారి అందరి గేట్లూ తిరిగి, సంచుల్లో కొత్తవి ఉంటే తెచ్చి మన ముందు పెడుతుంది. అంతే. మధ్యలో ఎవడూ ఉండడు. నీకు ఇది నచ్చుతుంది, ఇది నచ్చదు అని తేల్చే అల్గారిథం ఉండదు. వరస ఒక్కటే, తేదీల వరస.

గూగుల్ వాళ్ల ఫీడ్ రీడర్, గూగుల్ రీడర్, 2013 జూలై 1న మూతపడ్డాక ఇదంతా పోయిందనుకున్నారు చాలామంది. పోలేదు. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి ఉన్నాయి, ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. బ్లాగు అడ్రసు అక్కడ పేస్టు చేస్తే చాలావరకు ఫీడ్‌ని అదే వెతుక్కుంటుంది. వెతుక్కోకపోతే, బ్లాగర్ అయితే అడ్రసు చివర స్లాష్ ఫీడ్స్ స్లాష్ పోస్ట్స్ స్లాష్ డిఫాల్ట్ తగిలించండి. వర్డ్‌ప్రెస్ అయితే ఒట్టి స్లాష్ ఫీడ్ చాలు. ఇంగ్లీషు స్పెల్లింగులు కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

వెతకడం ఎలా అని అడుగుతారు. మామూలు మాటలతో వెతికితే మీకు "బరువు తగ్గడానికి పది చిట్కాలు" తగులుతాయి. చిట్కాలు రాసేవాళ్లు డైరీ రాయరు. కొటేషన్ గుర్తుల మధ్య ఇంట్లో అనుకునే మాట పెట్టి వెతకండి. "పొద్దున్నించీ కరెంటు లేదు". "మా పనమ్మాయి రాలేదు". "ఆవకాయ ఈసారి". అలా ఒక్కరు దొరికితే చాలు, పేజీ పక్కన వాళ్లు చదివే బ్లాగుల జాబితా ఉంటుంది. దాన్ని పట్టుకుని ఇంటింటికీ వెళ్లొచ్చు. నాకు కొళత్తూరు ఆవిడ అలాగే దొరికింది, ఒక నెల్లూరు లెక్కల మాస్టారి జాబితాలో అడుగునుంచి రెండో పేరు.

దొరికాక కొత్త టపా నుంచి మొదలుపెట్టకండి, తలాతోకా తెలియదు. పక్కన నెలలవారీ జాబితా ఉంటుంది, బ్రాకెట్లో అంకెలతో. తక్కువ అంకె ఉన్న నెల తెరవండి. నెలకి ముప్ఫై రాసే మనిషి ఒక నెల మూడే రాస్తే, ఆ మూడింట్లో ఏదో ఉంటుంది. ఆవిడ 2018 ఆగస్టులో రెండే రాసింది. ఒకటి మందుల షాపు గురించి. రెండోదాంట్లో "ఇక ఒక గ్లాసు బియ్యం చాలు" అని మాత్రమే ఉంది.

[నేను, ఈసారి కుర్చీలో. వెనక సంగీతం లేదు.]

ఇప్పుడు నేను చేసిన వెధవపని చెప్పాలి.

నీళ్ల రైలు టపా నాకు ఎంత నచ్చిందంటే, దానికి జూన్ టపా కూడా కలిపి స్క్రీన్‌షాట్ తీసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మంచి ఉద్దేశమే. అక్కణ్నుంచి ఎక్కడెక్కడికో పోయింది. నాలుగో రోజుకి ఆ వీధివాళ్లకే చేరింది. మేడ మీద వాళ్లు పదమూడు పట్టారని రాసింది కదా, ఆ మేడ మీద వాళ్లకి.

తర్వాత ఏమైందో నాకు తెలిసింది ఒక్క టపా ద్వారానే. "అడగాల్సింది నన్ను." ఆ మర్నాడు నా రీడర్‌లో ఆవిడ పేరు పక్కన ఎర్ర గుర్తు. బ్లాగు తెరిస్తే, ఆహ్వానం ఉన్నవాళ్లకి మాత్రమే అని.

అందరికీ కనపడేలా రాసింది కదా, నేనేం దొంగతనం చేశానా అని రెండు రోజులు నాకు నేనే వాదించుకున్నాను. కానీ వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే మాట దారినపోయేవాడు విన్నాడే అనుకోండి, వాడు దాన్ని మైకులో చెప్పకూడదు కదా. ప్రొఫైల్లో మెయిల్ అడ్రసు ఉంది. క్షమాపణ రాశాను, సంజాయిషీలు లేకుండా, నాలుగు లైన్లు. జవాబు రాలేదు.

అక్టోబరులో వానలు పడ్డాయి. నవంబరు చివర ఒక పొద్దున మెయిల్ పెట్టెలో ఆహ్వానం. ఒక్క మాట కూడా లేదు, లింకు మాత్రమే. ఈ వీడియో ముందు ఆవిణ్ని అడిగాను, ఏవి చదవొచ్చో. ఇక్కడ చదివినవన్నీ ఆవిడ సరే అన్నవే. ఈ చివరిది కూడా.

[తెర మీద తెల్లటి పేజీ. వాన చప్పుడు.]

"బిందెలు కడిగి అటక మీదికి ఎక్కించాను. తొమ్మిదే ఉన్నాయి. రెండు మేడ మీదే ఉండిపోయినట్టున్నాయి. అడగలేదు."