తుపాకి నేర్చుకుందామని వెళ్ళి ఉలి నూరిన వేసవి

నమస్కారమండీ. ఈ వీడియోలో నా వెనక కనిపిస్తున్నది మా ఇంటి గరాజ్ కాదు. ఇది పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ పట్టణం దాటాక మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక పాత కొట్టం. ఎక్స్‌టన్‌లోని మా ఇంటికి ఇది సుమారు 40 మైళ్ళ దూరం. చెకుముకి రాయితో పేలే పాతకాలపు పొడుగు తుపాకి ఒకదాన్ని నా చేతులతో తయారు చేయడం నేర్చుకోవాలన్న కోరికతో, మే నెల నుంచి ప్రతి శనివారం ఉదయం ఇక్కడికి వస్తున్నాను. ఇప్పుడు ఆగస్టు నడుస్తోంది. తుపాకి అని పిలవదగినది ఇంతవరకు నా బల్ల మీద ఏదీ లేదు. ఉన్నవల్లా ఏడు ఉలులు, నాలుగు సానరాళ్ళు, మాపుల్ అనే గట్టి చెట్టుది, సగం చెక్కిన ఒక కర్ర.

ఈ సంగతి మొదట చెప్పినప్పుడు తెనాలిలో ఉన్న మా అమ్మ ఫోనులో కాసేపు పలకలేదు. ఆ తర్వాత, "ఒరేయ్, నువ్వు అక్కడికి వెళ్ళింది కంప్యూటర్ల పనికి కదరా, ఈ తుపాకులేమిట్రా?" అని అడిగింది. ఆఫీసులోని మన మిత్రులు మరో ప్రశ్న అడిగారు: మనలాంటి వాళ్ళు తుపాకిని ముట్టుకుంటే గ్రీన్ కార్డుకు ఎసరు రాదా అని. 1968 నాటి సమాఖ్య తుపాకుల చట్టం, 1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకులను, పాత చెకుముకి తుపాకులకు నకళ్ళుగా నేడు చేసేవాటిని పురాతన వస్తువుల కింద లెక్కగట్టి, మామూలు తుపాకి అనే నిర్వచనంలోంచి తప్పించింది. అయినా రాష్ట్రాల చట్టాలు ఒకదానితో ఒకటి కలవవు. పైగా వీసా మీద ఉన్నవారికి తుపాకుల విషయంలో ఆంక్షలు ఎక్కువ. అందువల్ల నా వీడియో చూసి ఎవరూ తొందరపడవద్దు, ముందు ఒక వకీలును అడగండి. నేను అడిగిన తరువాతే ఈ కొట్టం గడప తొక్కాను.

లాంకాస్టరే ఎందుకంటే, ఈ తుపాకి పుట్టిల్లు ఈ చుట్టుపక్కల ప్రాంతమే. 18వ శతాబ్దంలో జర్మన్ మాట్లాడే దేశాల నుంచి వలస వచ్చినవారు యేగర్ అనే పొట్టి వేట తుపాకిని, దాన్ని చేసే పనితనాన్ని వెంట తెచ్చుకున్నారు. సుమారు 30 అంగుళాలుండే దాని లావు గొట్టం ఇక్కడి అడవులలో క్రమంగా పొడుగై 42 అంగుళాలు, 46 అంగుళాలు అయింది. లోపలి రంధ్రం మాత్రం సన్నబడింది. రంధ్రం సన్నబడితే గుండు చిన్నదవుతుంది కనుక, రోజుల తరబడి అడవిలో తిరిగేవాడికి మోసుకుపోవలసిన సీసం బరువూ తుపాకిమందు బరువూ తగ్గుతాయి. 1740లో మైన్జ్‌లో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులతో ఈ దేశానికి వచ్చి, లాంకాస్టర్‌లో స్థిరపడిన జేకబ్ డికర్ట్ ఈ పనిలో పేరు మోసినవారిలో ఒకడు. ఇంత చేసి ఈ తుపాకిని లోకం పిలిచేది కెంటకీ రైఫిల్ అని. సొమ్మొకడిది, సోకొకడిది అన్న మాట పెన్సిల్వేనియా వారికి తెలిసి ఉంటే తప్పక వాడేవారు. ఈ రాష్ట్రంలో ఆ సంప్రదాయం అద్దాల బీరువాలకు పరిమితం కాలేదు. 1974 నుంచి కేవలం చెకుముకి తుపాకులతోనే సాగే జింకల వేట రోజులు ప్రత్యేకంగా ఉన్నాయి, ఇప్పుడవి మామూలుగా క్రిస్మస్ మర్నాడు మొదలవుతాయి. నేను వేటకు వెళ్ళను, వెళ్ళాలనీ లేదు. నన్ను లాగినది ఆ కర్రపని.

నాకు నేర్పేవారు డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు కర్మాగారంలో లేత్ మీద పనిచేసి రిటైరయ్యారు. పేరు పెట్టి పిలవమన్నారు గానీ నా నోరు తిరగలేదు. మేష్టారు అంటున్నాను. అర్థం చెప్పాక ఆయనకూ ఆ పిలుపు నచ్చినట్టే ఉంది. గొట్టాన్ని, రాయిని పట్టి కొట్టించే లాక్‌ను వాటిలో ఆరితేరినవారి దగ్గర కొనుక్కోవడం ఇక్కడ చాలామంది పాటించే పద్ధతి. నేనూ అలాగే కొన్నాను. మిగిలినదంతా కర్రను తొలిచి, ఆ ఇనుమును అందులో వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోబెట్టడమే.

మొదటి శనివారం నేను కొత్తగా కొన్న ఉలిని మాపుల్ మీద పెట్టి సుత్తితో కొట్టాను. పొట్టు లేవలేదు. లోపలి నుంచి ఒక పెచ్చు ఊడి, పిప్పిపన్నులాంటి గుంట పడింది. నా చేయి చేతకానిదని నేను సిగ్గుపడుతుంటే, మేష్టారు ఉలిని తీసుకుని అంచును గోటి మీద ఆనించి చూసి, "దీనితో రంగు డబ్బా మూత తీసుకోవచ్చు" అన్నారు. కొట్టు నుంచి వచ్చిన ఉలికి కోణం మాత్రమే ఉంటుందట, పదును మనం పెట్టుకోవలసిందేనట.

పదును అనగానే నాకు తోచినది తెనాలిలో మా వీధికి వచ్చే సానవాడు. సైకిలు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ, తిరిగే చక్రానికి మా అమ్మ కత్తిని ఆనిస్తే తారాజువ్వలాగా రవ్వలు రాలేవి. ఎన్ని రవ్వలు రాలితే అంత పదును అని పిల్లలం అనుకునేవాళ్ళం. ఆ నమ్మకంతోనే, ఆడమ్స్‌టౌన్ పాత వస్తువుల సంతలో కొన్న ఒక మంచి పాత ఉలిని ఇంట్లో కరెంటు సానచక్రానికి ఆనించాను. రవ్వలు బ్రహ్మాండంగా వచ్చాయి, వాటితోపాటు అంచున నెమలికంఠం రంగు కూడా వచ్చింది. ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా కాగితే వచ్చే నీలం అది. ఆ రంగు కనబడిందంటే మన కమ్మరులు ఉక్కును కాచి గట్టిపరచడానికి పెట్టే పాయనం అక్కడ పోయినట్టే, ఇక ఆ అంచు నిలవదు. నీలం పాకినంత మేరా చల్లగా, నీళ్ళలో ముంచుతూ అరగదీసి పారేయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఆపైన అసలు పాఠం మొదలైంది. ఉలికి రెండు ముఖాలు. వాలుగా ఉన్నది అందరూ నూరేది, చదునుగా ఉన్న వీపు ఎవరూ పట్టించుకోనిది. పదును అంటే ఈ రెండూ కలిసే గీత తప్ప వేరే ఏమీ కాదు కనుక, వీపు మీద గీతలుంటే వాలు ముఖాన్ని అద్దంలా నూరినా అంచు రంపంలాగే మిగులుతుంది. ఒక్క ఉలి వీపును చివరి అంగుళం మేర చదును చేయడానికి నాకు ఒక శనివారం పూర్తిగా సరిపోయింది. ఆ తరువాత 1000 నంబరు నీటి సాన మీద (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) వాలును నూరుతూ పోతే, కొంతసేపటికి వీపువైపు వేలికి తగిలే సన్నటి గరుకు మొనదేరుతుంది. ఆ గరుకు అంచు పొడవునా తగిలేవరకు తరువాతి రాయికి వెళ్ళకూడదు. నా తప్పులన్నీ ఇక్కడే జరిగాయి. ఓపిక చాలక, సగం అంచుకే గరుకు వచ్చినా 4000 రాయి మీదకు వెళ్ళేవాణ్ణి, మెరుపు వచ్చేది, పదును వచ్చేది కాదు. చివరికి 8000 రాయి, ఆకుపచ్చ పసరులాంటి ముద్ద రాసిన తోలుపట్టీ. మెత్తటి కర్రకు 25 డిగ్రీల వాలు చాలు గానీ గట్టి మాపుల్‌కు 30 దాకా ఉంచకపోతే అంచు చిట్లుతుంది. పదును వచ్చిందో లేదో చూడటానికి మేష్టారు చేతి వెంట్రుకలు గీసే పద్ధతిని ఒప్పుకోరు. మెత్తటి పైన్ ముక్కను అడ్డంగా కోసిన మొన మీద ఉలిని తోసి చూపమంటారు. మొద్దు ఉలి అక్కడ పీచును నలిపి తెల్లగా చేస్తుంది, పదునైనది గాజులాంటి మెరుపును వదులుతుంది.

ఇంత పట్టుదల ఎందుకో మాపుల్‌ను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. ఈ తుపాకులకు వాడే మాపుల్‌లో పులిచారల్లాంటి వెలుగునీడలుంటాయి. పీచు తిన్నగా పోక అలలు అలలుగా పైకీ కిందికీ లేవడం వల్ల ఆ అందం వస్తుంది. అదే పనివాడి పాలిటి గండం. ప్రతి అంగుళంలో పీచు నాలుగైదుసార్లు దిశ మార్చుకుంటుంది కనుక ఉలి ఒక చార మీద వాలుకు పోతూ, మరుక్షణమే ఎదురు పోతుంది. పదును ఏమాత్రం తగ్గినా ఎదురైన చోట పెచ్చు లేస్తుంది. గొట్టానికి ఇరువైపులా మిగలవలసిన కర్ర మందం కొన్నిచోట్ల అంగుళంలో 8వ వంతు మాత్రమే. అక్కడ పెచ్చు లేస్తే అతికించడానికి కూడా ఏమీ మిగలదు. మేష్టారు పూర్తి చేసిన ఒక కర్రకు ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి, వేడి తగిలించడం చూశాను. బూడిద పచ్చగా ఉన్నది కళ్ళముందే ఎర్రటి చింతగింజ రంగుకు తిరిగి, చారలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. దాని కోసం ఎన్ని ఉలులైనా నూరవచ్చునని ఆ రోజు నాకు అనిపించింది.

ఇనుమును కర్రలో కూర్చోబెట్టడానికి దీపపు మసి వాడతారు. లాక్ పలకకు మసి పూసి, తొలిచిన గుంటలో అదిమి తీస్తే, ఎక్కడ ఒత్తుకుంటోందో అక్కడ నల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఉన్నంత మేరే గీకి, మళ్ళీ మసి పూసి, మళ్ళీ అదమాలి. ఒక్క లాక్ కోసం ఇలా రెండువందలసార్లకు తక్కువ కాకుండా చేసి ఉంటాను, లెక్క మధ్యలో వదిలేశాను. మసి కొట్టులో దొరుకుతుంది, కానీ నేను ఇంట్లోనే ఆముదపు దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టినట్టు పట్టుకున్నాను. మేష్టారు వేలితో రుద్ది చూసి తన సీసా పక్కన పెట్టి నాది వాడారు.

లాక్ కూర్చున్న రోజున, మందు లేకుండా, రాయి మాత్రం బిగించి మీట వదిలాను. ఒక్క రవ్వ రాలలేదు. రాయి ఇంగ్లండులోని బ్రాండన్ నుంచి వచ్చిన నల్లటి మంచి రాయి, లాక్ కొత్తది. మేష్టారు నవ్వి, రవ్వ ఎక్కడి నుంచి పుడుతుందని అడిగారు. రాయి నుంచి అన్నాను. కాదట. రాతి అంచు ఎదురుగా ఉన్న ఉక్కు పలకను చిత్రిక పట్టినట్టు గీసి సన్నటి పొట్టు లేపుతుందట, రాపిడి వేడికి ఆ ఉక్కు పొట్టే గాలిలో మండి, ముందుగా అంటుకునే మందు పోసే చిన్న రంజకపు పళ్ళెంలో పడుతుందట. అంటే రాయి కూడా ఒక ఉలే, నా రాయి మొద్దుబారింది. ఆయన ఒక ఇత్తడి కడ్డీతో రాతి అంచును చిన్నగా తట్టి చిప్పలు ఊడగొట్టి, కొత్త అంచు తీసి, తోలు ముక్కలో చుట్టి మళ్ళీ బిగించారు. తలుపు మూసి, దీపం ఆర్పి, మీట వదిలాము. తెనాలి సానవాడి చక్రం దగ్గర రాలినన్ని రవ్వలు ఆ చీకట్లో పళ్ళెం నిండా రాలాయి.

ఇంటికి వచ్చి ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే మా ఆవిడ విని, "ఏమండీ, ఏడు ఉలులు నూరారు, నా కత్తిపీట సంగతేమిటి?" అంది. దాని అంచు లోపలికి వంగి ఉంటుంది కనుక చదును రాయి ఆనదు. గుండ్రటి ఉలుల లోపలివైపు నూరే చిన్న రాయిని తెచ్చి, కత్తిని కదపకుండా రాయినే అంచు మీద నడిపించాను. మర్నాడు పొద్దున అరటికాయ ముక్కలు చూసి పక్కింటి పద్మగారు తన కత్తిపీట ఇచ్చి వెళ్ళారు, సాయంత్రానికి ఇంకొకరిది వచ్చింది. వచ్చే శనివారం కారు డిక్కీలో మాపుల్ కర్రతోపాటు మూడు కత్తిపీటలూ లాంకాస్టర్‌కు ప్రయాణం కడుతున్నాయి. కింద కూర్చుని, పీటను కాలితో తొక్కిపట్టి, కూరను కత్తి దగ్గరకు తీసుకువెళ్ళి తరగడం మేష్టారు ఇంతవరకు చూడలేదట. ఎలాగో చూపించమని అడిగారు.